రెండు మిల్లీగ్రాముల రాత్రి

మందుబిళ్లను మెచ్చుకుంటూ వ్యాసం రాయడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. చీర నేత గురించో, రాతి మండపం గురించో రాస్తే ఎవరూ ఏమీ అనుకోరు. బిళ్ల గురించి రాస్తే కంపెనీవాళ్లు ఏమైనా ముట్టజెప్పారేమోనని చూస్తారు. చూసినా ఫర్వాలేదు, సర్కాడిన్ అనే ఈ తెల్లటి, గుండ్రటి, రెండు వైపులా కాస్త ఉబ్బిన బిళ్లలో మెచ్చుకోదగ్గ పనితనం ఉంది.

అందులో ఉన్న మందు 2 మిల్లీగ్రాముల మెలటోనిన్. ఆ పదార్థంలో కొత్తదనం ఏమీ లేదు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడి బృందం పశువుల మెదళ్లలోని పీనియల్ గ్రంథుల్ని గుట్టలుగా తెప్పించుకుని, వాటినుంచి దీన్ని వేరుచేసింది. ఆయన వెతికింది నిద్రమందు కోసం కాదు, బొల్లికి కారణం కోసం. ఇప్పుడు మెలటోనిన్ చవగ్గా తయారవుతుంది, ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు. ఆ రెండు మిల్లీగ్రాముల్ని ఎంతసేపట్లో, ఏ తీరుగా వదలాలన్న దగ్గరే ఈ బిళ్ల గొప్పతనమంతా ఉంది.

మన పెద్దవాళ్లు రాత్రిని నాలుగు జాములుగా లెక్కపెట్టేవారు. ఒంటి లెక్క కూడా దానికి దగ్గరగానే నడుస్తుంది. వెలుగు ఉన్నంతసేపూ కంటినుంచి మెదడులోని గడియారానికి కబురు అందుతూ ఉంటుంది, పీనియల్ గ్రంథి నోరు మూసుకుని ఉంటుంది. చీకటి పడ్డాక మొదటి జాములో మెలటోనిన్ రక్తంలోకి రావడం మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక, రెండు మూడు గంటల వేళకు బాగా పెరిగి, నాలుగో జాములో దిగుతూ, తెల్లవారేసరికి దాదాపు లేకుండా పోతుంది. ఇది మనిషిని మత్తులో ముంచే పదార్థం కాదు, రాత్రయిందని ఒళ్లంతటికీ చాటే దండోరా. వయసు మీదపడ్డ చాలామందిలో ఆ దండోరా బలం తగ్గుతుంది.

అయితే బయటినుంచి అందిద్దామంటే ఒక చిక్కు ఉంది. మింగిన మెలటోనిన్‌లో 85 శాతం దాకా కాలేయం మొదటి చుట్టులోనే విరిచేస్తుంది. రక్తంలో చేరినది కూడా ముప్పావు గంటకల్లా సగమైపోతుంది. మామూలు బిళ్ల తొమ్మిదింటికి వేసుకుంటే ఒక్కసారిగా పైకెగసి, ఒంటిగంటకు ముందే దిగిపోతుంది. రెండింటికి మెలకువ వచ్చి, ఇక కునుకు పట్టక గోడగడియారం చప్పుడు వింటూ పడుకునే పెద్దాయనకు అది ఎందుకూ కొరగాదు. వయసు పైబడిన వాళ్ల నిద్రలేమిలో ఆ నడిరాత్రి మెలకువే పెద్ద బాధ.

టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో నాడీజీవశాస్త్రం చెప్పిన నావా జిసాపెల్ ఈ చిక్కు మీదే పనిచేశారు. నిద్ర సరిగా పట్టని వృద్ధుల్లో రాత్రి మెలటోనిన్ తక్కువగా, ఆలస్యంగా వస్తోందని ఆమె, సహచరులు 1994లో ప్రచురించారు. మరుసటి ఏడాది 12 మంది వృద్ధులకు నెమ్మదిగా విడుదలయ్యే 2 మిల్లీగ్రాముల బిళ్ల ఇచ్చి, నిద్ర నాణ్యత మెరుగుపడిందని లాన్సెట్ పత్రికలో చూపించారు. అక్కడినుంచి యూరప్ అనుమతి రావడానికి 2007 దాకా పట్టింది. ఆమె నెలకొల్పిన న్యూరిమ్ సంస్థ ఈ పన్నెండేళ్లూ ఒకే బిళ్లను పట్టుకుని ఉందంటే, ఆ ఓపికను కూడా పనితనంలోనే జమకట్టాలి.

పెట్టె మీది దినుసుల జాబితా చదివితే నిరుత్సాహం కలుగుతుంది. లాక్టోజ్, కాల్షియం ఫాస్ఫేట్, సిలికా, టాల్క్, మెగ్నీషియం స్టియరేట్, అన్నీ ఏ బిళ్లలోనైనా ఉండేవే. కిటుకంతా ఆరో దినుసులో ఉంది. దాని పేరు అమ్మోనియో మెథాక్రిలేట్ కోపాలిమర్, అందులోనూ టైప్ బి రకం. ఇది నీళ్లలో కరగదు, కొద్దిగా ఉబ్బుతుంది, నీటిని తనగుండా చాలా తక్కువగా పోనిస్తుంది. కడుపులోని పులుపు పేగుల్లోకి దిగేసరికి తగ్గినా దీని తీరు మారదు. మెలటోనిన్ ఈ పదార్థంలో చిక్కుకుని ఉండి, నీరు ఇంకినకొద్దీ కొంచెం కొంచెంగా ఊరి బయటికొస్తుంది. చెరువు కట్ట తెగినా, తూము తీసినా వచ్చేవి అవే నీళ్లు, పైరుకు అందేవి మాత్రం తూము నీళ్లే. ఈ ఏర్పాటు వల్ల రక్తంలో మెలటోనిన్ సగానికి తగ్గే సమయం ముప్పావు గంటనుంచి మూడున్నర, నాలుగు గంటలకు సాగుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది భోజనాన్ని కూడా ఇందులో కలుపుకున్న తీరు. ఖాళీ కడుపుతో వేసుకుంటే ముప్పావు గంటలోనే మందు రక్తంలో శిఖరానికి చేరుతుంది. అన్నం తిన్నాక వేసుకుంటే శిఖరం కాస్త తగ్గి, మూడు గంటలకు జరుగుతుంది. అందుకే తిన్న తర్వాత, పడుకోవడానికి గంట రెండు గంటల ముందు వేసుకోమంటారు. పదింటికి భోంచేసి పదింపావుకు పక్క ఎక్కే ఇళ్లలో ఈ లెక్క కుదరదు, బిళ్ల కోసమైనా భోజనం ముందుకు జరపాలి.

ఇంకో అలవాటు కూడా మానాలి. ఏ బిళ్లనైనా సగానికి విరిచి, లేదా చెంచాలో నలిపి తేనెలో కలిపి పెద్దవాళ్లకు ఇవ్వడం మనకు మామూలే. దీన్ని నలిపితే ఇంత శ్రమపడి కట్టిన అమరికంతా పోయి, మామూలు మెలటోనిన్ పొడి మిగులుతుంది.

అమరిక బాగుంటే సరిపోదు, నిద్ర పట్టిందా అన్నది చూడాలి. 55 దాటిన వాళ్ల మీద చేసిన మూడు పరీక్షల్ని కలిపి చూస్తే, నిద్రా మెరుగై మర్నాటి పనీ సవ్యంగా సాగిందన్నవాళ్లు ఈ బిళ్ల వేసుకున్న 265 మందిలో 86 మంది. ఉత్తుత్తి బిళ్ల వేసుకున్న 272 మందిలో అలా అన్నది 51 మంది. మర్నాటి పగటిని కూడా కొలతలో చేర్చడం నిజాయితీ గల పద్ధతి. పడుకోబెట్టి పొద్దున్నే మగతగా లేపే మందులు మన దగ్గర చాలానే ఉన్నాయి.

మూడింట ఒక వంతుకు కూడా పూర్తిగా చేరని ఈ ఫలితం, నెలల తరబడి కన్ను మూతపడని మనిషికి ఏపాటి ఊరట? అమెరికా నిద్రవైద్యుల అకాడమీ 2017లో నిద్రలేమికి మెలటోనిన్ వద్దనే వైపే మొగ్గింది. 2023 నాటి యూరప్ మార్గదర్శకాలు 55 దాటినవాళ్లకు, ఇలా నెమ్మదిగా విడుదలయ్యే రకాన్ని మూడు నెలల దాకా వాడవచ్చన్నాయి. రెండు పక్షాలూ మొదటి చోటు ఇచ్చింది మాత్రం ఆలోచననూ పడక అలవాట్లనూ దిద్దే చికిత్సకే: మంచం మీద గడిపే సమయం తగ్గించడం, నిద్ర రాకపోతే లేచి వచ్చేయడం వంటివి. నా లెక్కలోనూ తీవ్రమైన నిద్రలేమికి ఈ బిళ్ల ఆసరానే గానీ చికిత్స కాదు. కుంగుబాటుకు ఫ్లూవోక్సమిన్ వాడేవాళ్లకు అది కూడా కాదు. ఆ మందు కాలేయంలో మెలటోనిన్ విరగకుండా అడ్డుపడి, రక్తంలో దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నల సూట్‌కేసుల్లో మెలటోనిన్ సీసాలు వస్తుంటాయి. అక్కడ అది మందు కింద లెక్క కాదు, విటమిన్ల పక్కన అమ్మే ఆహార అనుబంధం. 2017లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటి 31 సరుకుల్ని పరీక్షిస్తే, ఒకదాంట్లో చీటీ మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ, మరోదాంట్లో 478 శాతం ఎక్కువ మెలటోనిన్ తేలింది. ఎనిమిదింట్లో సెరటోనిన్ కూడా ఉంది. ఇది చూశాక, ప్రతి బిళ్లలోనూ కచ్చితంగా రెండే ఉండటమన్న మామూలు సంగతి కూడా గొప్పగానే కనిపిస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక లోపం చెప్పకపోతే బాగుండదు. ఈ బిళ్ల రాత్రి ఆకారాన్ని అనుకరించింది గానీ ఎత్తును కాదు. మనిషి ఒంట్లో సహజంగా తయారయ్యే మెలటోనిన్ నడిరాత్రి మిల్లీలీటరు రక్తరసంలో మామూలుగా వంద పికోగ్రాములు దాటదు. ఈ బిళ్ల వేసుకుంటే వెయ్యి దాటుతుంది. ఎంఐటీలో రిచర్డ్ వర్ట్‌మన్ బృందం యాభై దాటిన వాళ్లమీద చేసి 2001లో ప్రచురించిన అధ్యయనంలో 0.3 మిల్లీగ్రాములే నిద్రను చక్కబెట్టాయి. 3 మిల్లీగ్రాములు ఒంటి వేడిని తగ్గించి, పగలు కూడా రక్తంలో మిగిలాయి. అయినా మన మందుల షాపుల్లో 3, 5, 10 అంటూ అంకె పెరుగుతూనే పోతుంది, పెద్ద అంకె చూసి కొనేవాళ్లూ ఉన్నారు. జిసాపెల్ బిళ్ల ఆ వరసలో చేరకుండా రెండు దగ్గర ఆగింది. అదే పాలిమర్‌లో 0.3 మిల్లీగ్రాములు కూర్చి, అదే ఓపికతో ఎవరైనా పరీక్షిస్తే ఆ బిళ్లను చూడాలని ఉంది.