తుమ్ముకు ఒక మార్కు: ఓపియాయిడ్ విరమణతో బాధపడే పసికందుల సంరక్షణపై ఒక పరిశీలన

ఓపియాయిడ్లు నల్లమందు కుటుంబానికి చెందిన మందులు. మార్ఫిన్, హెరాయిన్, ఆక్సీకోడోన్, ఫెంటనిల్, మెథడోన్ అన్నీ ఆ కోవలోవే. గర్భిణి వీటిని కొంతకాలం వాడితే అవి మాయను దాటి పిండాన్ని చేరతాయి. బొడ్డుతాడు తెగగానే ఆ సరఫరా ఆగిపోతుంది. అలవాటుపడిన పసిదేహం కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల లోపు తల్లడిల్లడం మొదలుపెడుతుంది: కీచుమనే ఏడుపు, వణుకు, బిగుసుకుపోయే కాళ్ళూ చేతులూ, నిద్రలేమి, వాంతులు, విరేచనాలు. అమెరికాలో 2000లో ప్రతి వెయ్యి ఆస్పత్రి కాన్పులకు 1.2గా ఉన్న ఈ స్థితి 2009 నాటికి 3.4కి పెరిగిందని 2012లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం ఒకటి లెక్కకట్టింది.

ఈ లక్షణాలను వైద్యం ఎలా చదువుతూ వచ్చిందన్నది ఈ వ్యాసవిషయం. చదవడం అన్న మాటను తెలిసే వాడుతున్నాను. ఏడుపూ వణుకూ వాటంతటవే అర్థం చెప్పవు. ఎవరో ఒక పట్టిక వేయాలి, ఒక పేరు పెట్టాలి, మందు ఎక్కడ మొదలుపెట్టాలో గీత గీయాలి. పట్టికలో ఏ గడి ఉన్నది, ఏ గడి లేదు అన్నదాన్ని బట్టి శిశువుకు అందే సేవ మారిపోతుంది. దాదాపు నాలుగు దశాబ్దాల పాటు ఆ పట్టికలో లేకపోయిన ముఖ్యమైన గడి తల్లిదని నా వాదన.

1975లో ఫిలడెల్ఫియాలో డాక్టర్ లొరెట్టా ఫినెగన్, ఆమె సహచరులు ఒక అంచనా పద్ధతిని ప్రచురించారు. ఇరవైకి పైగా లక్షణాలు, ఒక్కొక్కదానికి ఇన్ని మార్కులని. తుమ్ములు వరసగా వస్తే ఒకటి, ఆవలింతలకు ఒకటి, ఎడతెగని కీచు ఏడుపుకు మూడు, మూర్ఛకు ఐదు. మూడు నాలుగు గంటలకోసారి నర్సు ఈ మార్కులు కూడుతుంది. మొత్తం వరసగా మూడుసార్లు ఎనిమిదికి చేరితే సాధారణంగా మార్ఫిన్ వంటి మందు మొదలుపెడతారు. ఇది ఆనాటికి పెద్ద ముందడుగు. ఒకే శిశువును ఒక్కొక్కరు ఒక్కో తీరున చూసే అయోమయానికి అది ఒక క్రమం తెచ్చింది. ఫినెగన్ తల్లులను మరిచిన మనిషీ కాదు. మత్తుమందులు వాడే గర్భిణులకు సమగ్ర చికిత్స అందించే కార్యక్రమాన్ని ఆమె స్వయంగా నడిపారు.

అయినా పట్టిక తన దారిన తాను పోయింది. తుమ్ము, ఆవలింత ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డలకూ సహజమే. కదిలించినప్పుడు కలిగే వణుకుకు మార్కు వేయాలంటే బిడ్డను కదిలించక తప్పదు. నిద్రపోనందుకు మూడు మార్కులు వేసే పట్టికే నిద్రకు భంగం కలిగించగలదు. పైగా కూడికలో వేర్వేరు బాధలు ఒకే అంకెగా మారతాయి. చిన్న చిన్న లక్షణాలు ఎనిమిది కలిసినా ఎనిమిదే, రెండు మూడు తీవ్రమైనవి కలిసినా ఎనిమిదే. ఇక బిడ్డ ఎవరి ఒడిలో ఉంది, గదిలో వెలుతురెంత, చప్పుడెంత అన్న వాటికి అక్కడ చోటే లేదు. చాలాచోట్ల బిడ్డ ఇంటెన్సివ్ కేర్ దీపాల కింద, తల్లి వేరే అంతస్తులో ఉండగా ఈ మార్కులు పడుతూ వచ్చాయి.

యేల్ న్యూ హేవెన్ పిల్లల ఆస్పత్రిలో డాక్టర్ మాథ్యూ గ్రాస్‌మన్ బృందం ప్రశ్ననే మార్చింది. బిడ్డ ఒక ఔన్సు పాలైనా తాగగలుగుతోందా, లేదా తల్లిపాలు బాగా కుడుస్తోందా? కదిలించకుండా ఒక గంట నిద్రపోతోందా? పది నిమిషాల్లో ఊరడిల్లుతోందా? లేదంటే ముందుగా గది చీకటి చేసి, పొత్తిళ్ళలో చుట్టి, గుండెకు హత్తుకుని, తరచుగా పాలిచ్చి చూస్తారు. అప్పటికీ కుదుటపడకపోతేనే మందు. తల్లిదండ్రుల సన్నిధి ఇక్కడ చికిత్సలో మొదటి మోతాదు. 2017లో ఆ బృందం ప్రచురించిన ఫలితాల ప్రకారం, కొన్నేళ్ళ పాటు తెచ్చిన మార్పుల తరువాత ఆస్పత్రిలో ఉండవలసిన సగటు కాలం 22.4 రోజుల నుంచి 5.9కి తగ్గింది. మార్ఫిన్ అవసరమైన శిశువులు 98 శాతం నుంచి 14కు తగ్గారు.

ఒక్క ఆస్పత్రి అనుభవం సరిపోదు కనుక 26 ఆస్పత్రుల్లో 1,305 మంది శిశువులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఇంటికి పంపదగ్గ స్థితికి రావడానికి పాత పద్ధతిలో సగటున 14.9 రోజులు పడితే, కొత్త పద్ధతిలో 8.2 పట్టాయి. మందు అవసరమైనవారు 52 శాతం నుంచి 19.5కు తగ్గారు. మూడు నెలల వయసు వరకు చూసినప్పుడు భద్రత విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అయితే మూడు నెలలు బాల్యం మొత్తానికి సాక్ష్యం కాలేవు. మందు నిజంగా కావలసిన బిడ్డకు అది ఆలస్యం కాకూడదన్న హెచ్చరికా మిగిలే ఉంది.

ఇక పేర్ల సంగతి. ఈ స్థితికి చిరకాలంగా ఉన్న పేరు నియోనేటల్ ఆబ్‌స్టినెన్స్ సిండ్రోమ్. ఆబ్‌స్టినెన్స్ అంటే నిగ్రహం, మానుకోవడం. మానుకోవడానికి ముందు కోరుకొని ఉండాలి. ఈ బిడ్డ దేన్నీ కోరలేదు. ఇప్పుడు ఓపియాయిడ్ విరమణ అన్న పేరు వాడుకలోకి వస్తున్నది. మన భాషలో చిక్కు ఇంకా పెద్దది. పత్రికా తెలుగులో వ్యసనానికి లోనైనవారంతా మత్తుకు 'బానిసలే'. ఆ మాటను తొట్టెలోని బిడ్డకు అంటగడితే వైద్యపరంగానూ తప్పే. వ్యసనమంటే హాని తెలిసీ వెంటపడే ప్రవర్తన. శిశువుకు ఉన్నది శారీరకమైన అలవాటు మాత్రమే. ఈ దేశపు ఆస్పత్రుల్లో డాక్టర్లుగా, నర్సులుగా పనిచేస్తున్న తెలుగువారు తక్కువేమీ కాదు. ఆ మాట మన సంభాషణల్లోనూ దొర్లుతుంది.

తప్పుడు పఠనానికి మూల్యం చెల్లించేది తల్లి. గర్భంతో ఉండగా ఓపియాయిడ్లను ఒక్కసారిగా మాన్పించకుండా మెథడోన్ లేదా బ్యూప్రెనార్ఫిన్‌తో చికిత్స చేయడమే ఆమోదిత వైద్యం. ఆ చికిత్స తీసుకున్న తల్లికి పుట్టిన బిడ్డలోనూ విరమణ లక్షణాలు రావచ్చు. అంటే అదే వణుకు ఒక ఇంట నిర్లక్ష్యానికి గుర్తు కావచ్చు, మరో ఇంట తల్లి చెప్పిన మాట విని మందు వాడిందనడానికి గుర్తు కావచ్చు. టెనెసీ రాష్ట్రం 2014లో, నార్కోటిక్స్‌ను చట్టవిరుద్ధంగా వాడిన గర్భిణిపై, బిడ్డకు హాని జరిగితే, దాడి నేరం మోపే చట్టం చేసింది. చికిత్స పూర్తిచేసినవారికి మినహాయింపు ఉన్నా, భయపడిన తల్లి ఆస్పత్రి గడపే తొక్కదన్న విమర్శ గట్టిగా వచ్చింది. 2016లో గడువు ముగిసి ఆ చట్టం పోయింది.

కొత్త పద్ధతినీ విమర్శకు అతీతంగా చూడలేము. తల్లి మంచం పక్కనే ఉండాలంటే ఆమెకు సెలవు కావాలి, ఇంట్లో పెద్దపిల్లలను చూసేవారు కావాలి, రోజూ మెథడోన్ క్లినిక్‌కు వెళ్ళి రావడానికి వాహనం కావాలి. ఇవేవీ లేని తల్లి రాలేకపోతే, నిన్నటి పట్టిక ఆమెను లెక్కలోకి తీసుకోలేదు. నేటి పట్టిక ఆమె గైరుహాజరును నమోదు చేస్తుంది. కనుక బిడ్డ తిన్నదా, పడుకున్నదా, ఊరడిల్లిందా అని అడిగే వార్డు, తల్లి తిన్నదా, పడుకున్నదా, ఆమెను ఊరడించేవారు ఎవరైనా ఉన్నారా అని కూడా అడగవలసి ఉంటుంది.