చీపురు ఎవరు లాక్కోవాలి?

బళ్ళో పిల్లల్ని పిల్లలే ఏడిపించడం గురించి మనస్తత్వశాస్త్రం చాలానే చెప్పింది. 1970ల నుంచి దీన్ని పరిశోధించిన డాన్ ఓల్వియస్ మూడు గుర్తులు పెట్టాడు: కావాలని చెయ్యడం, పదేపదే చెయ్యడం, ఇద్దరి బలంలో తేడా ఉండటం. మూడూ నిజమే. ఆ బలం ఎక్కణ్ణించి వస్తుందన్నదే మన ప్రశ్న.

ఏడో తరగతిలో నన్ను కులం పెట్టి పిలిచినోడు నా భుజం దాకా కూడా రాడు. ఒక్క తోపుకి పడిపోతాడు. అయినా నా చెయ్యి లేవలేదు. వాడి నాయన దగ్గరే మా నాయన పాలేరు. ఆ పిల్లోడి నోట్లోంచి ఊరు మాట్లాడేది. అయ్యవారు విని నవ్వేవాడు. తిట్టు కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ దెబ్బ తీసింది. తప్పు నా పుట్టుకలోనే ఉందేమో అనిపించింది. జవాబు తెలిసినా చెయ్యెత్తడం మానేశాను.

అంబేద్కర్ బడికి గోనెపట్టా ఇంటి నుంచే తెచ్చుకుని కూర్చున్నాడు. ప్యూను పోస్తేనే నీళ్ళు, ప్యూను లేకపోతే దాహమే. అక్కడ ఏడిపించింది బడి కట్టుబాటే. దానికి ఏ పిల్లోణ్ణి పిలిచి బుద్ధి చెబుతాం?

1997లో వచ్చిన ఓంప్రకాశ్ వాల్మీకి ఆత్మకథ 'జూఠన్'లో హెడ్మాస్టరు ఆ పిల్లాడి చేత రోజుల తరబడి బడి ఊడిపిస్తాడు. మూడో రోజు అటుగా వచ్చిన తండ్రి చీపురు లాగి విసిరేసి కేకలేస్తాడు. ఈ ఘట్టాన్ని మనం తిరుగుబాటుగానే చదివాం. పంతులుగా నేను దాన్ని వైద్యంగా కూడా చదువుతాను. అవమానం జరిగిన చోటే, చేసినోడి ఎదుటే, తప్పెవరిదో ఒక పెద్దమనిషి గట్టిగా చెప్పాడు. పిల్లాడి గుండెలో బరువు దిగేది అక్కడే. 'పట్టించుకోకు, ధైర్యంగా ఉండు' అనే సలహా ఆ బరువుని మళ్ళీ పిల్లాడి నెత్తినే పెడుతుంది.

మిత్రులారా, అందరి తండ్రులకీ ఆ వీలుండదు. ఆసామి కొడుకు మీద మా నాయన కేకలేస్తే మర్నాడు మా ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే ఆ పని జీతం తీసుకునే పంతులు చెయ్యాలి. నా తరగతిలో 'ఎస్సీలు లేచి నిలబడండి' అన్న మాట వినపడదు. స్కాలర్‌షిప్పు కాగితాలు ఒక్కొక్కర్నీ విడిగా పిలిచి తీసుకుంటాను. కులం పెట్టి పిలిచినోడితో పాటు, విని నవ్వినోళ్ళనీ అడుగుతాను: ఎందుకు నవ్వావు?

ఆ ప్రశ్న ఏ పంతులూ అడగని బళ్ళు ఇంకా చాలా ఉన్నాయి.