దప్పిక తీర్చే మాట అప్పు తీర్చదు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే రోజుల్లో ఒక పిల్లోడు పరీక్ష పేపర్లో ఇలా రాశాడు: ‘మై ఫాదర్ క్వెంచ్‌డ్ ఆల్ హిజ్ డెట్స్.’ ముందు నవ్వొచ్చింది. కొట్టేద్దామని ఎర్ర పెన్ను ఎత్తాక చెయ్యి ఆడలేదు. ‘క్వెంచ్’ అంటే దప్పిక తీర్చడమని వాడికి చెప్పింది నేనే. దప్పిక తీర్చేది అప్పు తీర్చదా? తెలుగులో ఆ ఒక్క క్రియే ఆకలికీ, అప్పుకూ, మొక్కుకూ, సందేహానికీ, తగువుకూ, ముచ్చటకూ సరిపోతుంది. కొండెక్కి గుండు కొట్టించుకునేదీ తీర్చుకోవడమే, కింద బ్యాంకులో ఆఖరి కంతు కట్టేదీ తీర్చడమే. ఇంగ్లిష్‌లో అలా కాదు. బాధబాధకూ ఒక పనిముట్టు. వాటిని చేసిన పనితనం చూడాలంటే ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి.

క్వెంచ్ పుట్టుకతో మంటలార్పే మాట. కొలిమిలోంచి ఎర్రగా తీసిన కొడవలిని కమ్మరి నీళ్లతొట్టిలో ముంచితే చుయ్యిమంటుందే, దానికీ ఇంగ్లిష్‌లో ఇదే పేరు. అంటే ఆ మాట వాడినవాడి కంటికి దప్పిక ఒక నిప్పు. మనకు ఆకలి మంట, కడుపుమంట ఉన్నట్టే.

దాని పక్కింటిదే స్లేక్. ఇదీ దప్పికకే, కానీ లోపల నిప్పు లేదు. వదులు అనే అర్థమున్న ‘స్లాక్’కు ఇది చుట్టం. బిగిసిన తాడు సడలినట్టు గొంతులో పట్టు సడలడం. ఈ మాట నాకు నిజంగా బోధపడింది సున్నం దగ్గర. కాల్చిన సున్నపురాళ్లను గుంతలో పోసి నీళ్లు వదిలితే కాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత సన్నగా చిటపటలు, ఆవిరి, చెయ్యి పెట్టలేనంత వేడి. రాయి తాగినకొద్దీ ఉబ్బి, పగిలి, వదులై పిండిగా రాలిపోతుంది. మన బడి పుస్తకం దాన్ని తడిసున్నం అని ఊరుకుంది. ఇంగ్లిష్ మాత్రం ‘స్లేక్‌డ్ లైమ్’ అంది, అంటే దప్పిక తీరిన సున్నం. రాయికి దాహముంటుందని ఒప్పుకున్న భాష మీద ఆ పూట నాకు గౌరవం పెరిగింది.

భయానికి వాళ్ల మాట ‘అలే’. పాత ఇంగ్లిష్‌లో దానర్థం కింద పెట్టడం, పడుకోబెట్టడం. మనం భయం పోగొడతాం, లేకపోతే ధైర్యం చెబుతాం. అలే పోగొడతానని మాటివ్వదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను ఎత్తుకుపోయి చంపింది. ఆ తర్వాత బోన్లు పెట్టి చిరుతల్ని పట్టారు. నడిచి వెళ్లే భక్తుల చేతికి తలా ఒక కర్ర ఇచ్చారు. చేతికర్రతో చిరుతను ఆపగలమని ఎవరూ అనుకోలేదు. కానీ చేతిలో ఏదో ఉందన్నంతసేపు భయం తల వాల్చి పడుకుంటుంది. అంతవరకే అలే చేసే పని.

అలీవియేట్ అంటే తేలిక చేయడం, అస్వేజ్ అంటే తీపి చేయడం. రెండూ లాటిన్ సరుకు, ఆఫీసు కాగితాల్లో నలిగి పదును పోయాయి. సూద్ అలా కాదు. దాని వేరు ‘సూత్’, అంటే నిజం. మొదట్లో సూద్ అంటే నిజమని రుజువు చేయడం. తర్వాత ఎదుటివాడు ఏమన్నా అవునవునని తలూపడం. చివరికి ఊరుకోబెట్టడం. నిఘంటువులో ఇది చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. గడప తగిలి పడి ఏడుస్తుంటే, ‘అవును నాయనా, ఈ గడపదే తప్పు’ అని దాన్ని చేత్తో రెండు కొట్టేది. దెబ్బ నొప్పి అట్లనే ఉండేది, ఏడుపు మాత్రం ఆగేది. ఇంగ్లిష్‌కు వందల ఏళ్లు పట్టిన అర్థాల ప్రయాణాన్ని అవ్వ ఒక్క గడపతో ముగించేది.

నాకు పేచీ ఉన్నది అపీజ్‌తోనే. పుట్టుకలో అది శాంతింపజేయడమే. 1938లో మ్యూనిక్‌లో చెక్ దేశపు ముక్కను హిట్లర్‌కు వదిలేసి బ్రిటన్ ప్రధాని చేంబర్లేన్ ఇంటికొచ్చాక, ఆ మాటకు పిరికితనం వాసన పట్టుకుంది. అలాంటి మాటను మే నెలలో మా తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి రాసేవాళ్లు అలవాటుగా వాడేస్తారు. ఇక్కడ లొంగుబాటు ఎక్కడుంది? ఆమె ఏడుకొండలవాడి చెల్లెలు. జాతరకు కొండ మీది నుంచి పుట్టింటి సారె దిగుతుంది. వేషాలు కట్టినవాళ్లు వీధుల్లో బూతులు తిడతారు, వేపాకులు ఊగుతాయి, పొంగళ్లు పొంగుతాయి, అంబలి పోస్తారు. ఈ జాతర మీద 2013లో పుస్తకం తెచ్చిన అమెరికా పండితురాలు జాయిస్ ఫ్లూకిగర్, గంగమ్మ ఉగ్రాన్ని ఉత్త కోపంగా చూడలేదు, పట్టనలవిగాని శక్తిగా చూశారు. అలాంటి తల్లికి కావలసింది బుజ్జగింపు కాదు, కడుపునిండా పెట్టడం.

అందుకు ఇంగ్లిష్‌లో మాట లేకపోలేదు. రోజూ వాడి వాడి అరిగిపోయిన శాటిస్‌ఫై. లాటిన్‌లో ‘సాటిస్’ అంటే చాలు, ‘ఫాకెరె’ అంటే చేయడం. చాలనిపించడమన్న మాట. కొండ మీద వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూచుంటే ఆ పాత అర్థం కంటికి కనిపిస్తుంది. వడ్డించేవాళ్లు గరిటె ఎత్తుతూనే ఉంటారు, ఆకుకు చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు, చాలు’ అనేవరకు.

ఆ పిల్లోడి పేపర్లో క్వెంచ్ కొట్టేసి ‘క్లియర్’ అని రాశాను. అర మార్కు కూడా తగ్గించలేదు. వాళ్ల నాయన అప్పు మంటలాంటిదేనేమో, నాకేం తెలుసు.