జాడ

వినాయక చవితినాడు శమంతకమణి కథ వింటున్నంతసేపూ చిన్నప్పుడు నా ధ్యాస ఉండ్రాళ్ల మీదే ఉండేది. ఇప్పుడు ఒక్కచోట మాత్రం చెవులు రిక్కిస్తాను. ప్రసేనుడి శవం కనపడ్డాక కృష్ణుడు మణి కోసం పొదలు వెతకడు. నేల చూస్తాడు. సింహం అడుగులు, ఆపైన ఎలుగు అడుగులు, వాటి వెంట గుహ, గుహలో ఊయలకు కట్టిన మణి. అడుగు గుర్తుకూ ఆచూకీకీ మన భాషలో ఒకటే మాట, జాడ.

కొన్నేళ్లుగా నాకూ ఇదే పిచ్చి, పోయిన రాళ్ల జాడ వెతకడం. రోమన్ల ఏలుబడిలో, క్రీ.శ. 2, 3 శతాబ్దాల్లో, తాయెత్తు రాళ్లు విరివిగా చెక్కారు. బొటనవేలి గోరంత ఉంటాయి. గర్భసంచి బాధలకు హెమటైట్. కడుపునొప్పికి ఆకుపచ్చ జాస్పర్, దానిమీద సింహం తల, చుట్టూ కిరణాలు ఉన్న పాము. ఆ పాము పేరు ఖ్నూబిస్. గేలెన్ అనే ఆనాటి మహావైద్యుడు బొమ్మ లేని జాస్పర్లను దండగుచ్చి, కడుపు దగ్గర తగిలేలా మెడలో వేయించి చూశాడు. అలాగైనా గుణమిచ్చిందని రాశాడు. అనుమానం బొమ్మ మీదే, రాయి మీద కాదు! ఇలాంటి సగం హేతువాదులు నాకు మా వీధిలోనే ముగ్గురు తెలుసు.

తర్వాతి కాలంలో ఐరోపా దొరలు ఈ రాళ్లను పోగేశారు. వాళ్ల వారసులు అమ్ముకున్నారు. వేలంలో చేతులు మారిన రాయి ఎటుపోయిందో చెప్పేవాళ్లుండరు. మిగిలేది అచ్చు. 18వ శతాబ్దంలో లండన్‌లో జేమ్స్ టాసీ వేల రాళ్లకు అచ్చులు తీసి గాజులో పోతపోసి అమ్మాడు. 1791లో వచ్చిన ఆయన జాబితాలో పదిహేను వేలకు పైగా ఉన్నాయి. దాన్ని రాసిన రాస్పే గతంలో జర్మనీలో ఒక ప్రభువు సంగ్రహానికి సంరక్షకుడు. అందులోని వస్తువులే అమ్ముకుని, పట్టుబడేసరికి ఇంగ్లండ్ పారిపోయాడు. అబద్ధాలకోరు బారన్ మంచ్‌హౌసెన్ కథలు రాసిందీ ఆయనే. పోయిన రాళ్ల గురించి నేను నమ్ముకోవాల్సిన సాక్షి ఈయన.

అచ్చులో రంగు రాదు. ఆకుపచ్చదో నల్లదో తెలియదు. తాయెత్తుకు రంగే సగం ప్రాణం. చాలాసార్లు వెనకవైపు అచ్చే తీయరు, మంత్రాక్షరాలు ఎక్కువగా ఉండేది అక్కడే. ఒక మేలుంది. ముద్రుంగరం మీద అక్షరాలు తిరగేసి చెక్కుతారు, మైనంలో తిన్నగా పడాలని. తాయెత్తు ముద్ర వేయడానికి కాదు కనక రాయిమీదే తిన్నగా ఉంటాయి. అందుకే అచ్చులో గ్రీకు అక్షరాలు తిరగబడి కనిపిస్తే నా గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది.

ఆపైన పెచ్చులు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాసినట్టు, రాయి అంచున ఊడిన పెచ్చులే దాని గుర్తులు. కొత్త పెచ్చు ఊడొచ్చు, పాత పెచ్చు మళ్లీ అతుక్కోదు. పాత అచ్చులో పెచ్చు గుర్తు ఉండి, ఇప్పటి రాయి నున్నగా ఉంటే అది ఆ రాయి కాదు. అంచు అరగదీశారేమో అనుకుందామంటే కొలత తగ్గాలి.

మొన్న ఒక ఖ్నూబిస్ అచ్చుకు జోడీ దొరికిందనుకున్నాను. అవే ఏడు కిరణాలు, అదే తోక మెలిక, కొలత కూడా అంతే. పరాయి దేశపు మ్యూజియంలో రాయి. వారం రోజులు ఉబ్బితబ్బిబ్బయ్యాక రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పెద్దవి చేశాను. అచ్చులో పాము గడ్డం కింద బియ్యపుగింజంత పెచ్చు గుర్తు. రాయిలో ఆ చోటు అద్దంలా ఉంది.

"దొరికిందా?" అని వంటింట్లోంచి మా ఆవిడ.

"రాయి దొరికింది. అది మాత్రం కాదు."