రోమక రాష్ట్రముల కంచు నాణెములు

రోమక నాణెమనగానే మనకు స్ఫురించునది పసిడియో వెండియో. నల్లగొండ మండలమునందలి అక్కనపల్లిలో బయల్పడిన వెండి దేనారములును, వినుకొండలో దొరకిన బంగారు నాణెములును ఆ జాతివే. సముద్రవాణిజ్యమున అవి దేశదేశములు తిరిగినవి. అదే సామ్రాజ్యమున, తాము పుట్టిన పట్టణపు సంతలోనే చెల్లుచు, పొలిమేర దాటినకొలది మన్నన తగ్గుచు, చిల్లర బేరములలో చేతులు మారి మారి అరిగిపోయిన కంచునాణెముల జాతి వేరొకటి కలదు. లోహపు వెల చూచిన ఇవి అత్యల్పములు. కాని ఏలినవారి మాట పసిడి నాణెమున వినబడినట్లు, ఏలుబడిలోనున్న ఊరి మాట ఈ కంచునాణెమున వినబడును. వీని సేకరణము ఒక విద్యగా పెంపొందుటకు కారణమిదియే.

జూలియసు సీజరు హతుడైన క్రీ.పూ. 44వ సంవత్సరము మొదలు, డయోక్లీషియను చక్రవర్తి క్రీ.శ. 296 ప్రాంతమున అలెగ్జాండ్రియాలోని స్థానిక ముద్రణమును నిలిపివేయువరకును, అయిదువందలకు మించిన నగరములు ఇట్టి నాణెములను ముద్రించినవి. పడమటి రాష్ట్రములలో ఈ యాచారము క్లాడియసు నాటికే అంతరించినను, గ్రీకుభాష వ్యవహారమందున్న తూర్పుదేశములలో మూడవ శతాబ్దమువరకు వర్ధిల్లెను. బొమ్మవైపున చక్రవర్తి శిరస్సు నుంచి రాజభక్తిని చాటుకొనినను, బొరుసువైపున నగరము తన దేవతను, తన నదిని, తన కోవెలను యథేచ్ఛగా చిత్రించుకొనెడిది. ఎఫెసు, స్ముర్న, పెర్గము అను మూడు నగరములు ఆసియా రాష్ట్రమున అగ్రస్థానమునకై పోటీపడి, చక్రవర్తిపూజకు ఆలయము నిర్మించుకొను గౌరవము తమకెన్నిమారులు లభించెనో ఆ సంఖ్యను సైతము నాణెములపై చెక్కించుకొనినవి.

ఫిడియాసు దంతముతోను బంగారముతోను నిర్మించిన ఒలింపియా జ్యూసు విగ్రహము నేడు లేదు. హేడ్రియను చక్రవర్తి కాలమున, ఒలింపియా ప్రాంతమునందలి ఈలిసువారు ముద్రించిన నాణెములపై సింహాసనాసీనుడైయున్న మూర్తి దాని రూపమునకొక సాక్ష్యము. అంతకంటె విచిత్రమైనది ఫ్రిజియా దేశపు అపమేయా నాణెము. సెప్టిమియసు సెవెరసు నాటి ఆ బిళ్లపై, నీటిపై తేలు చదరపు పెట్టెలో నడుమువరకు కనబడు స్త్రీపురుషులిరువురు. పెట్టె ముఖముపై నోవహు పేరు తెలుపు మూడు గ్రీకు అక్షరములు. పైన ఒక పక్షి వ్రాలియుండ, రెండవది కొమ్మను గోళ్లతో పట్టి ఎగిరివచ్చుచుండును. ఎడమప్రక్కను అదే దంపతులు నేలపై నిలిచి చేతులెత్తుదురు. ఆ ఊరికి ‘పెట్టె’ అను మారుపేరుండుటచే, విగ్రహారాధకుల పట్టణము యూదుల జలప్రళయకథను తనదిగా చేసికొనెను. ఈ నాణెము మిక్కిలి అరుదు.

తెలుగు పాఠకులకు ఆత్మీయముగా తోచునవి అలెగ్జాండ్రియా నాణెములు. ఆంటోనైనసు పయసు ఎనిమిదవ పాలనావత్సరమున, అనగా క్రీ.శ. 144-145లో, అచటి పెద్ద కంచు ద్రాఖ్మలపై రాశులను వాని యధిపతులతో కూర్చి ముద్రించిరి: మేషముతో కుజుడు, కర్కటకముతో చంద్రుడు, సింహముతో సూర్యుడు. మన జ్యోతిషమునందలి రాశ్యధిపతులును వీరే.

ఇక గుర్తించు విధము. సేకర్త మొదట తూనికయు అడ్డుకొలతయు చూచును. పిమ్మట ఏటవాలు వెలుతురున భూతద్దముతో అక్షరములను వెదకును. నగరనామము చాలవరకు ‘ఎఫెసువారిది’ అను తీరున షష్ఠీ బహువచనమున నుండును గనుక, అరుగుదలలో తుది రెండక్షరములు మిగిలినను ఆధారమగును. అలెగ్జాండ్రియా నాణెములపై పాలనావత్సరము గ్రీకు అక్షరములే అంకెలుగా ముద్రింపబడును. ఐగుప్తీయుల సంవత్సరము ఆగస్టు 29న మొదలగునని ఎరిగినవాడే ఆ లెక్క తప్పక తేల్చును. బొమ్మ అచ్చును దాగలిలో దిగవేసి, బొరుసు అచ్చును పైనుంచి సమ్మెటతో కొట్టెడివారు. ఒకే బొమ్మ అచ్చు పెక్కు నగరముల నాణెములపై కనబడుటను పట్టి, ఒక శిల్పశాల పలు నగరములకు పనిచేసినదని కొన్‌రాడ్ క్రాఫ్టు అను పండితుడు 1972లో వెలువడిన గ్రంథమున నిరూపింప యత్నించెను. ఆండ్రూ బర్నెట్, మిషెల్ అమాండ్రీ మొదలగువారు కూర్చిన ఈ నాణెముల మహాసూచిక ప్రథమ సంపుటము 1992లో వచ్చినది మొదలు, ఏది అరుదు, ఏది సామాన్యమని తేల్చుటకు గట్టి ప్రమాణమేర్పడెను.

లోపములన్నియు లోపములు కావు. బిళ్ల నడిమిగుంట ముద్రణకు పూర్వము బిళ్లను సిద్ధపరచునప్పటి గురుతు. స్ట్రటోనికేయా నాణెములపై అన్నదమ్ములైన కారకల్లా, గేటా ఎదురెదురుగా నుండెడివారు. క్రీ.శ. 211లో చక్రవర్తియైన కారకల్లా తమ్ముని చంపించి, వాని పేరును రూపమును చెరపివేయుడని ఆజ్ఞాపింపగా, నగరమువారు ఆ శిరస్సును ఉలితో తొలగించిరి. ఆ గాటును చక్కదిద్దిన నాణెము చరిత్రను చెరిపినట్లే. శతాబ్దములు మట్టిలోనుండగా ఏర్పడిన గట్టి చిలుము నాణెమునకు కవచము. దానిని చింతపండుతో తోమి మెరిపించుట ఘోరాపచారము. లేతపచ్చని పొడి రాలుట మాత్రము లోహమును తినివేయు రోగము, తత్క్షణ చికిత్స నపేక్షించును. అరిగిన వెండ్రుకలను, అక్షరములను సన్నని ఉలితో క్రొత్తగా చెక్కి వెల పెంచు మోసగాండ్రును కలరు. గీత అంచు మరీ పదునుగా నుండుట వారి చేతి గురుతు.

ఈ నగరములలో పెక్కు నేటి టర్కీలోనున్నవి. 1983 నాటి చట్టము ననుసరించి అచట దొరకిన ప్రాచీన నాణెమును దేశము దాటించుట నేరము. దొంగచాటుగా త్రవ్వితీసిన నాణెము ఏ పొరలో, ఏ వస్తువులతో పడియున్నదో చెప్పజాలదు. ఊరు దాటి ఎంతదూరము వెళ్లెనో తెలుపు సాక్ష్యము దానితో నశించును. కావున పూర్వసేకరణముల పత్రములు చూపనిదే దేనినీ కొనరాదు. పత్రములుగల అరిగిన నాణెము, పుట్టుపూర్వోత్తరములు లేని నిగనిగలాడు నాణెముకంటె ఎప్పుడును మేలు.