నీ వేడికి మొక్కు

ఓ చిప్పీ! వీధి మలుపు తిరగకముందే వాసనవై ఎదురొచ్చి, చెయ్యి పట్టి నడిపించుకుపోయే దానా! యార్క్‌షైర్ తీరాన వాన సన్నగా, సాగుతూ, సాయంత్రాన్నంతా నానబెడుతూ కురిసే వేళ, రాతిబాటలు నల్లగా నిగనిగలాడే వేళ, ఉత్తర సముద్రం మీంచి ఉరికొచ్చిన గాలి గొడుగులను తిరగేసి గోల చేసే వేళ, ఆవిరి కమ్మిన నీ కిటికీ అద్దం పసుపుపచ్చగా వెలుగుతుంది. చలికి ముడుచుకున్న ఊరు నీ గుమ్మం ముందు మళ్లీ విచ్చుకుంటుంది. లీడ్స్‌లో నిన్ను చిప్పీ అంటారు, ఆబర్డీన్‌లో చిప్పర్ అంటారు, బోర్డు మీద మాత్రం ఫిష్ అండ్ చిప్స్ అని నిండుగా రాసుకుంటావు. మహారాజుల విందుశాలలను కీర్తించేవాళ్లు కీర్తించుకోనీ. నాకు నీ తెల్ల టైల్స్ గోడ చాలు, తళతళలాడే నీ ఉక్కు రేంజ్ చాలు, దాని వెనక చొక్కా చేతులు మడిచి నిలబడ్డ వేపుడు మనిషి నుదుటి చెమట చాలు.

ముందుగా నీ చేపకు దండం. లండన్ వైపు కాడ్‌కు పట్టం కడతారు, కట్టనీ. యార్క్‌షైర్ జనం, స్కాట్లండ్ జనం హాడక్ అంటే ప్రాణం పెడతారు. నా ప్రాణమూ అటే. భుజం మీద నల్లని వేలిముద్ర ఉన్న చేప అది. సెయింట్ పీటర్ పట్టుకున్నప్పుడు పడిన బొటనవేలి గుర్తు అని జాలరులు కథ చెప్పుకుంటారు. ఆ ముద్ర ఉన్న తోలు ఒలిచి, ముల్లు తీసి, తడి అద్ది, పొడిపిండి చల్లి, చల్లని జారుడు పిండిలో ముంచి, వేపుడు మనిషి దాన్ని తోక పట్టుకుని ఎత్తుతాడు. ఎత్తి, ఒక్కసారిగా వదిలెయ్యడు. కొస మాత్రం కొవ్వును తాకేలా దించుతాడు, ఇటూ అటూ ఊపుతాడు, పిండి పొంగి తేలే బలం వచ్చిందని వేళ్లకు తెలియగానే తనకు అవతలి వైపుగా మెల్లగా పడుకోబెడతాడు. ఆ చేతి వాలులో ఎంత నేర్పు, ఎంత ఓర్పు, ఎంత ప్రేమ!

అక్కడ మొదలవుతుంది నీ మహిమ. నూట ఎనభై డిగ్రీల సెగలో పిండిపొర క్షణంలో గట్టిపడి బంగారు కవచమవుతుంది. లోపల ఉన్న చేప వేగనే వేగదు. తన తేమలో తానే ఉడుకుతుంది. తనలో మిగిలిన సముద్రాన్ని తానే ఆవిరి చేసుకుని, ఆ ఆవిరిలోనే పొర మీద పొరగా, రేకు మీద రేకుగా విప్పారుతుంది. బయటికి ఉరికే ఆవిరి లోపలికి రాబోయే కొవ్వును నెట్టేస్తూనే ఉంటుంది. నిప్పులో మునిగీ నీటిలోనే పండే చేప! పైన కరకర, లోన మెత్తన. పైన ఎండ, లోన వాన. పైన ఇసుక, లోన అల. విరిస్తే విరిగే చప్పుడు, ఆ వెంటనే గుప్పున లేచే తెల్లని ఊపిరి, ఆ ఊపిరి వెనక ముత్యపు చిప్ప లోపలి రంగులో తడితడిగా మెరిసే మాంసం.

నీ పాట విననివాడు నిన్ను చూసినట్టు కాదు. చేప దిగగానే హోరు. నీళ్లు కొవ్వును చీల్చుకుని పారిపోయే హోరు. అది కాసేపటికి జోరవుతుంది, జోరు జల్లవుతుంది, జల్లు చినుకవుతుంది. ఆ చినుకు దగ్గర చెవి నిలుపుతాడు వేపుడు మనిషి. గడియారం గోడ మీదే ఉన్నా దానివంక చూడడు. తేమ ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ఆ సవ్వడే అతనికి చెబుతుంది. జాలిగరిటెతో పైకి లేపి, ఒక్క కుదుపు కుదిపి, ఆ కుదుపుకు గలగలమన్న మోత వింటాడు. అప్పుడు గాని తల ఊపడు.

ఇక నీ బంగాళాదుంప! చేపను పొగిడి దుంపను మరచినవాళ్లు నీ గుడికి వచ్చి గర్భగుడి చూడకుండా వెళ్లినట్టే. కేంబ్రిడ్జ్‌లో పుట్టి 1966లో పొలాలకు వచ్చిన మారిస్ పైపర్ నీకు ముద్దుబిడ్డ. పొడిపొడిగా, పిండిపిండిగా, ఉడికితే వెన్నలా విచ్చే జాతి. కానీ ఆ బిడ్డ అలకలు నీకు తెలిసినట్టు మరెవరికీ తెలియవు. చలి ఎక్కువైన గోదాంలో దాస్తే లోపలి పిండి చక్కెరగా మారి, వేపగానే కాటుక రంగు కమ్ముతుంది. వేసవి మొదట్లో తవ్వి తెచ్చిన లేత దుంపలో నీళ్లెక్కువ. ఎంత వేపినా డీలా పడుతుంది. అందుకే గొప్ప చిప్పీకి కడలి ఎంత తెలుసో కర్షకుడూ అంత తెలుసు. ఈ వారం బస్తా ఏ పొలానిది, ఆ పొలంలో వాన ఎప్పుడు పడింది, మన్ను ఇసుకదా బంకదా, అన్నీ ఆరా తీస్తుంది. తెల్లవారి నుంచే వెనక గదిలో రంబ్లర్ గడగడా తిరుగుతుంది, తొక్క రాలుతుంది, మిగిలిన కళ్లను చిన్న కత్తితో ఒక్కొక్కటే తీస్తారు. వేలిలావు ముక్కలు కోసి, పైపిండి వదిలేదాకా కడిగి, ఆరబెట్టి, అప్పుడు మూకుట్లోకి.

నీ చిప్స్ సన్నగా, పుల్లల్లా నిటారుగా నిలబడే ఫ్రెంచ్ ఫ్రైస్ కావు. కండపుష్టి గలవి, కొన్ని వంగినవి, కొన్ని విరిగినవి, అంచుల్లో కరకరలాడేవి, నడుమ వెన్నముద్దలయ్యేవి. పొట్లం అడుగున వెనిగర్ తాగి మెత్తబడిన చివరి నాలుగు ముక్కలున్నాయే, వాటి కోసం నేను పై వరసంతా తొందరగా తినేస్తాను.

నీ మూకుట్లో మరిగే కొవ్వు గురించి కూడా చెప్పనీ. చల్లబడితే మంచులా తెల్లగా గడ్డకట్టి, వేడెక్కితే తేనెలా తేటపడే గొడ్డు కొవ్వు, డ్రిప్పింగ్. ఉత్తరాన ఎన్నో ఊళ్లు దాన్ని విడవలేదు. ముట్టనివాళ్ల కోసం పామాయిల్‌లోనో వేరుశనగ నూనెలోనో వేపే దుకాణాలూ ఉన్నాయి, వాటిలోనూ గొప్పవి ఉన్నాయి. ఏది మరిగినా అది తేటగా ఉండాలి, రోజూ వడగట్టాలి, అలసిపోయిందని తెలియగానే మార్చాలి. నల్లబడ్డ కొవ్వు ఎంత మంచి చేపనైనా చేదు చేస్తుంది. ఈ ఒక్క విషయంలో నేను నీ పట్ల కఠినంగా ఉంటాను తల్లీ, ప్రేమించేవాళ్లకు ఆ హక్కుంది.

నువ్వెక్కడ పుట్టావు? 1860 ప్రాంతంలో తూర్పు లండన్‌లో జోసెఫ్ మాలిన్ అనే యూదు యువకుడి పొయ్యి మీద అంటారు కొందరు. కాదు, ఆ తర్వాత కొన్నాళ్లకు లాంకషైర్ కొండల మధ్య మాస్లీ ఊళ్లో జాన్ లీస్ చెక్క బడ్డీలో అంటారు మరికొందరు. ఆ తగవు తీర్చే ఓపిక నాకు లేదు. నాకు తెలిసిందల్లా, స్పెయిన్, పోర్చుగల్ దేశాలు తరిమేసిన యూదులు చేప వేపే విద్యను తమతో మోసుకొచ్చారని. నూలు మిల్లుల ఊళ్లలో బంగాళాదుంప అప్పటికే నూనెలో ఈదుతోందని. రైలు వచ్చి సముద్రాన్ని మిల్లు గుమ్మం దాకా లాక్కొచ్చిందని. ఒకరు నిప్పు తెచ్చారు, ఒకరు నేల తెచ్చారు, ఒకరు నీరు తెచ్చారు. నువ్వు పుట్టావు. తర్వాత స్కాట్లండ్‌లో ఇటలీ కుటుంబాలు నిన్ను ఎత్తుకున్నాయి. సైప్రస్ గ్రీకులు, హాంకాంగ్ చైనీయులు నీ మూకుడు మండుతూ ఉంచారు. బ్రిటన్‌కు ఇంత సొంతమైన దానివి, ఎందరు పరాయివాళ్ల చేతుల్లో పెరిగావు!

నీ చేప వెనక ఉన్న నీళ్లను తలచుకున్నప్పుడు నా స్తుతి గొంతులో ఆగుతుంది. హల్, గ్రిమ్స్‌బీ రేవుల నుంచి మంచు సముద్రాల్లోకి వెళ్లిన ట్రాలర్లు, తాళ్ల మీద గడ్డకట్టిన మంచును గొడ్డళ్లతో కొట్టుకుంటూ వలలు లాగిన మనుషులు. 1968 తొలి వారాల్లో హల్ ఓడలు మూడు మునిగాయి, 58 మంది పోయారు. అప్పుడు హెసిల్ రోడ్ వీధుల్లోంచి లిలియన్ బిలోకా అనే చేపల ఫ్యాక్టరీ కూలీ తలకు స్కార్ఫ్ కట్టుకుని బయటికొచ్చింది. ఆడవాళ్లను కూడగట్టింది, సంతకాలు పోగుచేసింది, రేడియో మనిషి లేని ఓడ కదలడానికి వీల్లేదని రేవులో అడ్డం తిరిగింది, లండన్ వెళ్లి మంత్రులను నిలదీసింది. వేడి వేడి ముక్క నోట్లో కరిగేటప్పుడు ఆ స్కార్ఫ్ తలపుకొస్తే, తినడం కూడా ఒక నమస్కారమే అవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో వెన్నకు రేషన్, చక్కెరకు రేషన్, మాంసానికి రేషన్. నీకు మాత్రం లేదు. సరుకు దొరకడం గగనమే, వరుసలు మైళ్లంతే, అయినా నిన్ను కూపన్లకు కట్టెయ్యలేదు. చీకటి కమ్మిన ఊళ్లలో, కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన రాత్రుల్లో, ఓ అమ్మ పిల్లల కోసం వెచ్చటి పొట్లం గుండెకు హత్తుకుని ఇంటికి నడిచింది. ఆ రోజుల్లో పైపొర పాత వార్తాపత్రిక. యుద్ధం కబుర్ల మీదే యుద్ధాన్ని మరిపించే ముద్ద.

ఊరికో వేషం వేసుకుంటావు, ఎన్ని వేషాలైనా నాకు ముద్దే. యార్క్‌షైర్‌లో మూకుట్లో రాలిన పిండి పలుకులను స్క్రాప్స్ అని అడిగినవాళ్లకల్లా ఉదారంగా పోస్తావు. లాంకషైర్‌లో చిప్స్ మీద గ్రేవీ కురిపిస్తావు. రాత్రంతా సోడా ఉప్పులో నానిన ముదురు బఠానీలను ముద్దముద్దగా ఉడికించి మషీ పీస్ అంటూ పచ్చగా పక్కన నిలుపుతావు. ఎడిన్‌బరాలో వెనిగర్ మాట ఎత్తరు. ముదురు గోధుమరంగు సాస్ చల్లి సాల్ట్ అండ్ సాస్ అంటారు. లండన్‌లో ఎర్రటి సవెలాయ్ సాసేజ్, ఊరబెట్టిన గుడ్డు. ఇంకా పసుపు రంగులో తియ్యతియ్యగా మరిగే కర్రీ సాస్! అది మన కూర కాదు, ఏ కూరా కాదు, నీ ఇంట పుట్టిన నీ సొంత పిల్ల. లీడ్స్‌లోనో మాంచెస్టర్‌లోనో చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలు మొదటిసారి నీ వరుసలో నిలబడి, మూకుడు హోరు విని, సాయంత్రపు బజ్జీల బండి ముందు నిలబడ్డట్టు తెలియకుండానే చేతులు రుద్దుకుంటారు.

విట్బీలో మఠం శిథిలాల దాకా 199 మెట్లు ఎక్కి దిగినవాళ్లు, కాళ్లు వణుకుతుండగా, రేవు ఒడ్డున నీ గుమ్మాలకు చేరతారు. ఫైఫ్ తీరాన ఆన్‌స్ట్రథర్‌లో పడవల తాళ్లు కిర్రుమంటుంటే గోడమీద కూర్చుని పొట్లం విప్పుతారు. గైజ్‌లీలో 1928లో ఓ చెక్క గుడిసెలో మొదలెట్టిన హ్యారీ రామ్స్‌డెన్, కూలివాళ్లు కూడా దొరల్లా కూర్చుని తినాలని మూడేళ్లకే తివాచీలు పరిచి షాండ్లియర్లు వేలాడదీశాడు. గొప్ప ఆలోచన అది, నేను కాదనను. అయినా నా మనసు వరుస దగ్గరే నిలబడుతుంది. ఆ వరుసలో డాక్టరూ తాపీమేస్త్రీ ఒకే ఆవిరి పీలుస్తారు. పబ్‌లోంచి వచ్చినవాళ్లు, ప్రార్థనలోంచి వచ్చినవాళ్లు, చిల్లర లెక్కపెట్టుకునే బడిపిల్లలు, గుడ్ ఫ్రైడే నాడు వీధి చివరి దాకా సాగిన కుటుంబాలు. ఎవరు ముందొస్తే వాళ్లకే ముందు. ఇంతకంటే సూటి న్యాయం ఏ సభలో ఉంది?

నిన్ను గొప్పదాన్ని చేసేది ఆ నిలబెట్టడమే. నేను వచ్చాక గాని నా చేపను మూకుట్లో వెయ్యవు. గాజు పెట్టెలో, దీపం వెలుగులో ముందే వేపి దాచిన చేప నిజానికి చేప జ్ఞాపకం. కవచం మెత్తబడి, లోపలి ఊపిరి ఆగిపోయి, ఎవరొస్తారా అని ఎదురుచూసీ చూసీ వాడిపోయింది. గొప్ప చిప్పీలో ఎదురుచూడాల్సింది మనిషి. ఆరు నిమిషాలు, ఏడు నిమిషాలు. ఆ కాసేపట్లో ఆకలి భక్తి అవుతుంది. బోర్డు మీద పిజ్జాలూ కబాబులూ బారులు తీరిన చోట నీ మనసు చెదిరిపోయిందని నాకు తెలిసిపోతుంది. నీకు మూడు పనులు చాలు: చేప, దుంప, నిప్పు. పొట్లం కూడా కాగితానిదే కావాలి. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో ఆవిరి తిరిగి తిరిగి పిండిపొర మీదే కన్నీరై కారుతుంది. కాగితం ఊపిరి పీలుస్తుంది, పీల్చనిస్తుంది, వేళ్లకు వేడి అందిస్తుంది.

అదిగో, కౌంటర్ వెనక నుంచి నీ గొంతు. జడలోంచి జారిన వెంట్రుక చెవి వెనక్కి తోసుకుంటూ, ముక్కూ ముఖం తెలియని నన్ను లవ్ అని పిలుస్తూ, ఉప్పూ వెనిగరూ వెయ్యనా అని అడుగుతున్నావు. వెయ్యి తల్లీ. వెనిగర్ ముందు పొయ్యి, ఉప్పు ఆ తడికి అంటుకోవాలి. ధారాళంగా పొయ్యి, అడుగు దాకా దిగాలి. స్క్రాప్స్ ఇంకో గరిటెడు పడెయ్యి, చిన్న చెక్క ఫోర్కు ఒకటి ఇవ్వు. మూట కట్టకు, విప్పే ఉంచు. ఇంటిదాకా ఎవరాగుతారు, ఇక్కడే నిలబడి తినేస్తాను.