స్క్రిప్ట్ రీడర్ వృత్తి, చిత్రానువాద రచన: సిడ్ ఫీల్డ్ సూత్రాలపై ఒక పరిశీలన

చిత్రానువాద రచన నేర్వదలచినవారు ముందుగా స్క్రిప్ట్ రీడరుగా పనిచేయాలన్న సలహా హాలీవుడ్‌లో తరచుగా వినిపిస్తుంది. ఆ సలహాకు ప్రసిద్ధమైన ఉదాహరణ సిడ్ ఫీల్డ్. సినిమొబైల్ సిస్టమ్స్ సంస్థలో పనిచేసిన కాలంలో 2000కు పైగా స్క్రిప్టులు చదివాననీ, పెట్టుబడిదారుల ముందుంచదగినవి వాటిలో 40 మాత్రమేననీ ఆయన చెప్పుకున్నారు. ఆ పఠనానుభవం పునాదిగా వెలువడినదే ‘స్క్రీన్‌ప్లే’ (1979). యాభైకి ఒకటి చొప్పున ఏరిన ఆ చదువు రచయితకు ఏమి నేర్పగలదు, ఏమి నేర్పలేదు అన్నది పరిశీలించవలసిన విషయం.

రీడరు రాసే నివేదికను కవరేజ్ అంటారు. సుమారు 120 పుటల స్క్రిప్టును ఒకటి రెండు పుటలకు కుదించి, గుణదోషాలు చర్చించి, ‘రికమెండ్’, ‘కన్సిడర్’, ‘పాస్’ అన్న మూడింటిలో ఒక తీర్పు చెప్పాలి. (మన వాడుకలో పాస్ కావడమంటే గట్టెక్కడం, అక్కడ అది తిరస్కారం.) ఈ పనిలో అసలైన శిక్షణ తీర్పులో కాక కుదింపులో ఉంది. సంగ్రహం రాయబూనినప్పుడు ఏ సన్నివేశం తర్వాతి దానికి కారణమవుతున్నదో, ఏది కేవలం దాని పక్కన నిలుచున్నదో తేటపడుతుంది. ఇతరుల స్క్రిప్టులలో ఈ లోపాన్ని పదేపదే చూసినవాడు తన రచనలోనూ దాన్ని త్వరగా పసిగడతాడు. ఈ మేరకు ఆ సలహా సమంజసమే.

అయితే కుదింపుకు లొంగనిది కూడా సినిమాలో ఉంటుంది. ‘పథేర్ పాంచాలి’ (1955)లో అపు, దుర్గ రెల్లుపూల నడుమ పరుగెత్తి రైలును చూసే ఘట్టం సంగ్రహంలో ఒక్క వాక్యం. కథాగమనం దృష్ట్యా అదీ అనవసరమనిపించవచ్చు. పైగా ఆ చిత్రానికి సత్యజిత్ రాయ్ వద్ద ఉన్నది సంప్రదాయికమైన పూర్తి స్క్రిప్టు కాదు, బొమ్మలూ టిప్పణులూ మాత్రమే. కవరేజ్ రాయడానికి అక్కడ కాగితమే లేదు.

రాజశేఖరుడు కావ్యమీమాంసలో కారయిత్రి, భావయిత్రి అని ప్రతిభను రెండుగా విభజించాడు. మొదటిది కవికి, రెండవది భావకునికి ఉపకరించేది. భావకులలో దేనినీ మెచ్చని అరోచకినీ, గడ్డితో సహా అన్నీ మింగే సతృణాభ్యవహారినీ, మత్సరినీ, తత్త్వాభినివేశినీ వేరుచేశాడు. నియామక పత్రంలో రాయకపోయినా, రీడరు ఉద్యోగం మనిషిని అరోచకి వైపే నెడుతుంది. తిరస్కరించిన స్క్రిప్టును గురించి ఎవరూ తిరిగి అడగరు. సిఫారసు చేసినది విఫలమైతే మాత్రం మాట పడాలి. అటువంటి స్థితిలో అలవడే జాగ్రత్త, రచయిత మొదటి ప్రతి రాసేటప్పుడు అతని చేతిని పట్టుకొని ఆపుతుంది.

ఫీల్డ్ సూత్రాలను ఈ నేపథ్యంలో చదవాలి. 30, 60, 30 పుటల మూడంకాలు, మొదటి అంకం ముగిసేలోగా కథను మలుపు తిప్పే ‘ప్లాట్ పాయింట్’ అన్నవి ఓపిక సన్నగిల్లుతున్న చదువరి ఎక్కడ ఏమి ఆశిస్తాడో తెలిపే గుర్తులు. కథ ఎక్కడ పుడుతుందో అవి చెప్పవు. ఆయన విస్తృతంగా విశ్లేషించినది రాబర్ట్ టౌన్ రాసిన ‘చైనాటౌన్’; అంటే నెగ్గిన రచన. తనకు ఎక్కువ పాఠాలు నేర్పి ఉండవలసిన తిరస్కృత ప్రతులు మాత్రం మన కంటికి ఆనవు. రెండవ అంకాన్ని మధ్యలో నిలబెట్టే ‘మిడ్‌పాయింట్’ భావన తర్వాతి గ్రంథంలో గాని రాలేదు. అప్పటికి ఆయన అధ్యాపకుడు. అరవై పుటల ఆ ఎడారిలో దారి తప్పుతున్న విద్యార్థులు ఆయన ఎదుట ఉన్నారు. రీడరుగా చదివిన వేల పుటలు చూపని అవసరాన్ని, రాయలేక ఆగిపోయినవారు చూపారన్నమాట.

తెలుగు సినీరచయితకు ఆ మధ్యబిందువును విశ్రాంతి రూపంలో థియేటరే ఏనాడో నిర్ణయించి ఇచ్చింది. అందుచేత ఫీల్డ్ పుటల లెక్కను యథాతథంగా తెలుగు స్క్రిప్టుకు కొలబద్దగా వాడే రీడరు, ప్రేక్షకుడు లేచి బయటికి వెళ్లి తిరిగి వచ్చే ఆ పది పదిహేను నిమిషాలను లెక్కలో కలపనట్లే.